చూసింది వేరే, పరీక్ష వేరే

కోరుట్లలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు బడిలో సైన్స్ ఫెయిర్ పెట్టి నన్ను అతిథిగా పిలిచారు. తెలుగు టీచర్ని సైన్స్ ఫెయిర్‌కి ఎందుకు పిలిచారంటే, రిటైరైన వాళ్లు ఖాళీగా ఉంటారు, శాలువా కప్పితే సంతోషిస్తారు, మైకు ఇవ్వకపోతే ఎవరికీ ఏ హానీ చెయ్యరు. నేనూ ఆ మూడు లెక్కల్లోనే వెళ్లాను. హాలు నిండా థర్మాకోల్ అగ్నిపర్వతాలు, థర్మాకోల్ గుండెకాయలు. ప్రతి బల్ల వెనుకా ఇస్త్రీ చేసిన బట్టల్లో ఒక పిల్లో పిల్లగాడో. దగ్గరికి వెళ్లడం ఆలస్యం, "గుడ్ మార్నింగ్ మేడం" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేసి, మళ్లీ శిలావిగ్రహాలైపోతున్నారు.

చివరి బల్ల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. అక్కడి పిల్ల రెండు చేతుల్లోనూ రెండు కండెలున్నాయి. మరమగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలు. ఒకదానికి నిండా నూలు చుట్టి ఉంది, రెండోది ఖాళీది. సిరిసిల్లలో ఏ వాకిట్లో చూసినా దొరుకుతాయి గాని, కోరుట్లలో, అదీ ఇంగ్లీషు మీడియం బడిలో, అవి కనపడతాయని నేననుకోలేదు.

"ఒకే ఎత్తు నుండి ఒకేసారి వదిలిన రెండు వస్తువులు, వాటి బరువుతో సంబంధం లేకుండా, ఒకేసారి నేలను తాకును" అని ఆ పిల్ల అప్పజెప్పింది.

"ఏదీ, వదులు బిడ్డా చూద్దాం" అన్నాను.

"వదలద్దన్నరు మేడం. పలుగుతయట."

"మరి రెండు ఒక్కసారే పడ్తయని నీకెట్ల తెలుసు?"

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, నాకు వినపడలేదనుకుని, గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

అప్పుడే వెనక నుంచి ఎవరో "టీచర్, మీరా?" అన్నారు. లావణ్య. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి దగ్గర నేను పనిచేసిన సర్కారు బడిలో ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్ల. ఇప్పుడు ఈ బడిలో సైన్స్ చెప్తోంది. కండెల బల్ల ఆమె పెట్టించిందే. నా చేతులు పట్టుకుని ఆమె అడిగిన మొదటి మాట నా ఆరోగ్యం గురించి కాదు. "మన సైన్స్ సార్ ఎట్లున్నరు టీచర్?" అంది.

నేను నోరు తెరిచేలోపే కరస్పాండెంటు వచ్చి, జ్యోతి వెలిగించాలంటూ నన్ను వేదిక మీదికి లాక్కుపోయాడు. అక్కడ కూర్చున్నంతసేపూ ఎవరేం మాట్లాడారో నాకు తెలియదు. లావణ్యకి ఏం చెప్పాలా అన్నదే నా ఆలోచన. సార్ పోయి అప్పటికింకా నెల కూడా కాలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. మా బడిలో సైన్స్ సార్ అంటే ఆయనే. సిరిసిల్లలో సాంచెల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. మరమగ్గాలను అక్కడ సాంచెలనే అంటారు. ఆ చప్పుడులో పెరిగిన వాళ్లందరికీ ఉన్నట్టే ఆయనకీ గొంతు పెద్దది. రహస్యం చెప్తే పక్క తరగతికి వినపడేది. హెడ్మాస్టర్ మీద ఆయన నాకు గుసగుసగా చెప్పిన ఫిర్యాదులన్నీ హెడ్మాస్టర్‌కి తెలుసు.

చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. అందులో రబ్బరు బ్యాండ్లు, అయస్కాంతం ముక్క, సూది తీసేసిన ఇంజెక్షన్ గొట్టం, బుడగలు. పెన్ను మాత్రం ఉండదు. హాజరు రిజిస్టర్‌లో సంతకానికి రోజూ నా పెన్నే. ఇవ్వనని విసుక్కుంటే, "ఇయ్యకపోతే ఏమైతదనుకుంటున్నరు మేడం?" అనేవారు.

ఆ "ఏమైతదనుకుంటున్నవ్" ఆయన ఊతపదం. ఆ ఒక్క మాటతోనే ఆయన సైన్స్ మొత్తం చెప్పేవారు. ఆయన పాఠం నేరుగా చెప్పడం నేను వినలేదు. ఏదో ఒకటి చేతిలో పట్టుకుని, చెయ్యబోయి ఆగి, ఆ మాట అడిగేవారు. ప్రతి పిల్లా ఏదో ఒకటి చెప్పాల్సిందే, ఎందుకలా అనుకుంటోందో కూడా చెప్పాల్సిందే. ఆ తర్వాతే ఆయన చెయ్యి కదిలేది. కారణంతో సహా తప్పు చెప్పిన పిల్లకి చాక్‌పీసు పొడి అంటిన చేత్తో షేక్‌హ్యాండ్ ఇచ్చేవారు. కారణం లేకుండా ఒప్పు చెప్పినవాడికి ఏమీ లేదు. తప్పు చెప్పినందుకు షేక్‌హ్యాండ్ ఏమిటని నేను దెప్పితే, "తప్పు ముందుగాల బయటికి రావాలె మేడం. అది లోపటనే కూసుంటే, ఒప్పుకు జాగ ఎక్కడిది?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఒత్తులు తప్పు రాస్తే చెవి మెలేసే రకం నేను.

ఒక వేసవిలో, ఒంటిపూట బడి రోజుల్లో, ఆయన గ్లాసులో మంచుగడ్డ వేసి, అది తేలేలా అంచుదాకా నీళ్లు పోశారు. గడ్డ కరిగితే ఏమైతదనుకుంటున్నరని అడిగారు. పొంగుతుందని తరగతంతా ఒక్క గొంతుతో అంది. అందరూ గ్లాసు చుట్టూ మూగి కూర్చున్నారు. గడ్డ కరిగిపోయింది. పొంగలేదు. అప్పుడొక పిల్ల లేచి, గ్లాసు కింద బల్ల తడిసిందని చూపించింది. పొంగింది సార్, మీరు చూడలేదు అని గట్టిగా వాదించింది. ఆ పిల్లే లావణ్య.

ఇంకో టీచరైతే కూర్చోమనేవారు. ఈయన పండగ చేసుకున్నారు. ఆ తడి ఎక్కడిదో తేలేదాకా పాఠం ముందుకు పోదన్నారు. మర్నాడు నీళ్లలో బట్టలకు వేసే నీలిమందు కలిపి మళ్లీ మంచుగడ్డ వేశారు. గ్లాసు బయట మళ్లీ తడి. లావణ్య వేలితో తుడిచి చూసింది. వేలికి నీలం అంటలేదు. ఆ పిల్ల చాలాసేపు వేలివైపే చూసి, "లోపటిది కాదు సార్. గాలిలకెల్లి అచ్చింది" అంది. పక్క గదిలో పద్యం చెప్తున్న నేను ఆయన కేకకి ఏదో ప్రమాదం జరిగిందనుకుని పరుగెత్తాను. చూస్తే ఆయన ఆ పిల్లకి షేక్‌హ్యాండ్ ఇస్తున్నారు, వదలకుండా.

ఆ రోజుల్లోనే ఆయన పరిశోధనకి పేరు నమోదు చేసుకున్నారు. సైన్స్ ఎలా చెప్తే పిల్లలకి అంటుతుందో తేల్చడమే విషయం. మేమంతా పదోన్నతి కోసమనుకున్నాం. కాదు. ముందు అనుకుని, తర్వాత చూసిన పిల్ల, తన కన్నుని నమ్ముతుందా లేదా అన్నది ఆయనకి కావాలి. నమ్ముతుందని ఆయనకి తెలుసు. లోకానికి రుజువు చెయ్యాలి. అంతే.

అందుకోసం ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లకీ ఆయనే చెప్పారు. బి సెక్షన్‌కి తన పద్ధతిలో. ఎ సెక్షన్‌కి మాత్రం అందరిలాగే పుస్తకం చదివి, నోట్సు చెప్పి రాయించాలి. తేడా తెలియాలంటే అలాగే చెయ్యాలట. ఎ సెక్షన్ నుంచి వచ్చేటప్పుడు ఆయన మొహం చేదుమందు తాగినట్టుండేది. ఆ పిల్లలు ఊరుకుంటారా, మాకెందుకు చూపియ్యరు సార్ అని వెంటపడేవాళ్లు. పరీక్ష కాగానే మీక్కూడా అన్నీ చూపిస్తానని మాటిచ్చారు.

కండెల ప్రయోగం బి సెక్షన్‌కి బడి మేడమీద జరిగింది. నిండు కండె ముందు పడుతుందని అందరూ అన్నారు. రోజూ ఇంట్లో కండెలు చుట్టే పిల్లలు, వాళ్లకి తెలియని బరువా! పిట్టగోడ మీంచి రెండు చేతులూ చాపి వదిలింది లావణ్య. కింద పిల్లలు నేలమీద బోర్లా పడుకుని చూశారు. రెండూ ఒక్కసారే పడ్డాయి. నమ్మక మళ్లీ మళ్లీ వదిలించారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఎవరూ పళ్లేలు పట్టుకుని పరుగెత్తలేదు. నా సర్వీసులో అలాంటిది మరోటి చూడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ప్రశ్నలు విశ్వవిద్యాలయంలో ఆయన పనిని చూసే ప్రొఫెసర్ సరిచూసినవి. పరిశోధన చేసే మనిషి ఆ గదిలో ఉండకూడదని నియమం. అందుకని రెండు సెక్షన్లనీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి, డ్రిల్ సార్‌ని కాపలా పెట్టారు. డ్రిల్ సార్ ఆయనకి ప్రాణస్నేహితుడు, వెన్నలాంటి మనిషి. మేమిద్దరం స్టాఫ్‌రూంలో చాయ్ తాగుతూ కూర్చున్నాం. సార్ కుర్చీలో నిలవలేకపోయారు. ఏమైతదనుకుంటున్నరని నన్నడిగారు. బి సెక్షన్ పిల్లలే గెలుస్తారన్నాను. ఎందుకని అడిగారు. "మీ మొహం చూస్తె తెలుస్తలేదా" అన్నాను. అది కారణం కాదని, షేక్‌హ్యాండ్ ఇవ్వనని నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

మా బళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. బయటి నుంచి పేపరు వచ్చిందంటే పిల్లల్ని ఆగం చెయ్యకూడదు. తనిఖీ అయినా, ఇంకే పరీక్ష అయినా, కాపలా ఉన్న టీచరు జవాబులు బోర్డు మీద వేసేస్తాడు. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు. బడికి మాట రాకుండా కాపాడుకోవడం, అంతే. పెళ్లిలో వడ్డన తక్కువైతే ఇంటివాళ్లు సర్దుకున్నట్టు. డ్రిల్ సార్ కూడా అదే చేశాడు. పిల్లలకి మార్కులు బాగా వస్తే స్నేహితుడు డాక్టర్ అవుతాడని విన్నాడు. చేతనైనంత ప్రేమతో, తనకి తోచిన జవాబులన్నీ బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు. బరువైనది ముందు పడును. మంచు కరిగిన నీరు పొంగును. గ్లాసు బయటి తడి లోపలి నీరే.

హాల్లోంచి వచ్చి, "సారూ, డాక్టరేట్ పక్కా" అని సార్ వీపు మీద చరిచాడు.

పేపర్లు సార్ స్టాఫ్‌రూంలోనే దిద్దారు. ఎ సెక్షన్, బి సెక్షన్ అని తేడా లేదు. అందరివీ ఒకే జవాబులు, అక్షరం పొల్లు పోకుండా. బి సెక్షన్ పేపర్లలో మాత్రం ఒక విశేషం ఉంది. చాలామంది ముందు ఒకటి రాసి, రబ్బరుతో చెరిపి, దాని మీద బోర్డు మీదిది రాశారు. చెరిపిన అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి. "రెండు ఒక్కసారే". సార్ ఆ కాగితాల్ని కిటికీ వెలుతురులో పెట్టి ఒక్కొక్కటే చూశారు. తర్వాత లావణ్యని పిలిపించారు.

నేనక్కడే ఉన్నాను. ఆయన గొంతు పెంచలేదు. ఆయన గొంతు మామూలు మనుషుల గొంతులా పలకడం అదే మొదటిసారి విన్నాను.

"మేడ మీదికెల్లి కండెలు వదిలింది ఎవరు బిడ్డా?"

"నేనే సార్."

"ఏం చూసినవ్?"

"రెండు ఒక్కసారే పడ్డయి సార్."

"మరి బరువుది ముందు పడుతదని ఎందుకు రాసినవ్?"

ఆ పిల్ల తల వంచుకోలేదు. భయపడలేదు. సార్‌కి ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది. "డ్రిల్ సార్ బోర్డు మీద రాసిండు గద సార్. చూసింది వేరే, పరీక్ష వేరే."

సార్ పో బిడ్డా అన్నారు. ఆ పిల్ల వెళ్లాక పేపర్లన్నీ సర్ది కట్ట కట్టి, "మేడం, రిజల్ట్ వచ్చింది" అన్నారు.

ముంజేతి కంకణానికి అద్దమెందుకని నేను ఏటేటా సామెత చెప్పాను. మా పిల్లలకి కంకణం అక్కర్లేదు, అద్దమే కావాలి. అద్దంలో లేకపోతే చేతికున్న కంకణం కూడా లేనట్టే. వాళ్లని అలా చేసింది ఎవరంటే, డ్రిల్ సార్ ఒక్కడే కాదు. ఒకటో తరగతి నుంచి మేమందరం.

ఇంకో ఏడు మళ్లీ చెయ్యండి, ఈసారి నేనే దగ్గరుండి పరీక్ష పెట్టిస్తాను అని ఎంతో చెప్పాను. ప్రొఫెసర్ గారైతే ఆ పరీక్షని లెక్కలోంచి తీసేసి, మరో బడి పిల్లల మార్కులు వేసుకోమన్నారట. ఆయన ఒప్పుకోలేదు. "మళ్ల చేస్తె మార్కులు మారుతయి మేడం. ఆ పిల్ల అన్న మాట మారదు" అన్నారు. పరిశోధన అక్కడితో ఆగిపోయింది. డ్రిల్ సార్‌ని ఒక్క మాట అనలేదు. అతనికి ఇప్పటికీ తను చేసిందేమిటో తెలియదు. యూనివర్సిటీ వాళ్లు అన్యాయం చేశారని తిడుతుంటాడు.

ఎ సెక్షన్‌కిచ్చిన మాట మాత్రం నిలబెట్టుకున్నారు. మరుసటి వారం వాళ్లని మేడ కిందికి తీసుకెళ్లి, పైనుంచి తనే కండెలు వదిలారు. రెండూ ఒక్కసారే పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏమైతదనుకుంటున్నరని ఆయన అడగలేదు. ఆ మాట ఆ బడిలో మళ్లీ వినపడలేదు.

తర్వాత బదిలీల్లో నేను కోరుట్లకి వచ్చాను. ఆయన కొడిమ్యాల వైపు ఒక బడికి వెళ్లారు. అక్కడ ఆయన చేసిందేమిటో జగిత్యాలలో తెలిసింది. జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుల సన్మానమని, మా బడి నుంచి ఒకరికి వస్తే తోడు వెళ్లాను. వేదిక మీద ఈయన. సైన్స్‌లో ఆయన పిల్లలందరూ పాసయ్యారట, జిల్లాలో అంత ఫలితం ఇంకెవరికీ రాలేదట. శాలువా కప్పుకుని దిగి వచ్చాక, పద్ధతి మళ్లీ మొదలుపెట్టారా సార్ అని సంబరంగా అడిగాను.

"నోట్సు చెప్తున్న మేడం. రాయిస్తున్న, బట్టీ పట్టిస్తున్న, ఒప్పజెప్పిచ్చుకుంటున్న. మస్తు మార్కులస్తున్నయి." ఆయన జేబు చదునుగా ఉంది. అందులో పెన్ను ఉంది.

ఆ పెన్ను చూసి నాకు కలిగినంత బాధ ఆయన చనిపోయినప్పుడు కూడా కలగలేదు. ఇది రాయడానికి సిగ్గుపడను. ఆ మనిషి పోవడం నేను రెండుసార్లు చూశాను, మొదటిదే పెద్దది.

ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచాన పడ్డారని తెలిసి సిరిసిల్ల వెళ్లాను. సాంచెల చప్పుడుకి ఇంటి గోడలు సన్నగా అదురుతున్నాయి. ఆయన మాట్లాడితే వినపడడం లేదు. చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది. కొడుకు తలగడ సర్ది మందులకి వెళ్లాడు. నేను అందరూ అనే మాటే అన్నాను. తగ్గిపోతది సార్, ఎండలు ముదిరేసరికి లేచి తిరుగుతరు అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. మంచుగడ్డ చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టిన నాటి చూపే. "చూసి చెప్తున్నరా మేడం, బోర్డు మీదిది చెప్తున్నరా?" అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయనే కళ్లు మూసుకుని నిద్రపోయారు. వారం తిరగకుండా కబురొచ్చింది.

వేదిక మీద ప్రసంగాలు అయిపోయాయి. నాకూ శాలువా కప్పారు. మెట్లు దిగేసరికి లావణ్య ఎదురుచూస్తూ నిలబడి ఉంది. సార్ పోయారని చెప్పాను. ఆ పిల్ల, ఇప్పుడు పిల్ల కాదు, ఇద్దరు బిడ్డల తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. చాలాసేపటికి తేరుకుని, పిల్లలకి ఏ ప్రయోగమూ చేసి చూపించలేకపోతున్నానంది. సిలబస్ అవ్వదు, తల్లిదండ్రులు ఊరుకోరు, కనీసం కండెలైనా బల్ల మీద పెడదామని పెట్టానంది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది.

"సార్ చివరిదాంక గట్లనే చెప్పిండా టీచర్? ఏమైతదనుకుంటున్నవ్ అని అడుగుకుంటనే?"

నేను జగిత్యాలలో ఆ చొక్కా జేబు చూశాను. ఆ పెన్ను చూశాను.

"చివరిదాంక గట్లనే చెప్పిండు బిడ్డా" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. ఆమె నమ్మింది. టీచర్ చెప్తే నమ్మడం చిన్నప్పుడే నేర్చుకుంది. కళ్లు తుడుచుకుని, కొత్తగా వచ్చిన అతిథులకి చూపించాలని బల్ల వైపు పరుగెత్తింది. కండెల పిల్ల గుడ్ మార్నింగ్ చెప్పి, ఒకే ఎత్తు నుండి ఒకేసారి వదిలిన రెండు వస్తువులు అని మొదలుపెట్టింది. అతిథులు చప్పట్లు కొట్టారు. కండెలు రెండూ చేతుల్లోనే ఉన్నాయి.